‘మోబీ డిక్’ నవలను, చిత్రాన్ని పక్కపక్కన పెట్టి చదివే పద్ధతి

హెర్మన్ మెల్విల్ 1851లో ప్రచురించిన ‘మోబీ డిక్’ నవల, ఒక తెల్ల తిమింగలం మీద పగబట్టిన వేట ఓడ నాయకుడు ఏహాబ్ కథ; అందులో 135 అధ్యాయాలు, చివర ఒక ఉపసంహారం ఉన్నాయి. జాన్ హ్యూస్టన్ 1956లో దానిని రెండు గంటల లోపు ముగిసే చిత్రంగా తీశారు. అంత పెద్ద గ్రంథం ఇంత నిడివిలో ఇమడాలంటే ఎన్నో ఘట్టాలు తొలగిపోక తప్పదు కనుక, పోయినవాటిని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే చర్చ ముందుకు సాగదు. దర్శకుడు కథను మార్చిన చోట ఆ మార్పు అర్థాన్ని ఎటు తిప్పిందో పరిశీలించడమే అసలు పని. విశాఖపట్నంలోని పాఠక బృందాలకూ, కళాశాల విద్యార్థులకూ ఆ పనికి కావలసిన వనరులు ఊళ్లోనే ఉన్నాయి.

నవలంతా ముందే పూర్తి చేయాలన్న నియమం అక్కరలేదు. 1వ అధ్యాయం, చర్చి బోధకుడు ఫాదర్ మాపుల్ బైబిల్లోని యోనా (పెద్ద చేప మింగిన ప్రవక్త) కథ మీద ప్రసంగించే 9వ అధ్యాయం, తెల్ల తిమింగలాన్ని చంపి తీరాలని ఏహాబ్ నావికుల చేత ప్రమాణం చేయించే 36వ అధ్యాయం, వేట తాడును వర్ణించే 60వ అధ్యాయం, చివరి వేట సాగే 133 నుంచి 135 వరకు ఉన్న అధ్యాయాలు చదివితే చాలు. మాపుల్ ప్రసంగాన్ని ఒకరు పైకి చదివి వినిపించిన తరువాతే, ఆ పాత్ర వేసిన ఆర్సన్ వెల్స్ దానిని ఎలా పలికారో చిత్రంలో చూడాలి. నవల మీద కాపీహక్కుల గడువు ముగిసింది. చిత్రానికీ అదే వర్తిస్తుందని అనుకోకుండా, బహిరంగ ప్రదర్శన తలపెట్టేవారు హక్కుదారుల అనుమతి తీసుకోవాలి.

60వ అధ్యాయం చదివాక ఒక ఉదయం చేపల రేవుకు వెళ్లిరావాలని నా గట్టి సలహా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం వల్ల మరబోట్లు రేవులోనే ఉంటాయి కాబట్టి, సరంగులకూ కళాసీలకూ మాట్లాడే తీరిక అప్పుడు కొంత ఎక్కువ. తాడును చుట్టలుగా ఎలా పేరుస్తారో, తాడు వేగంగా జారుతున్నప్పుడు కాలు ఎక్కడ పెట్టకూడదో వారిని అడిగి తెలుసుకోండి. తిమింగలాల వేట వారి వృత్తి కాదు, దాని గురించి ప్రశ్నలు వేయవద్దు. మెల్విల్ వర్ణించిన తాడు 200 బారలకు పైబడిన పొడవుతో, తెడ్లు వేసే ప్రతి మనిషినీ రాసుకుంటూ పడవ పొడవునా సాగుతుంది. ఈటె దిగిన తిమింగలం పరుగెత్తినప్పుడు అందులో చిక్కుకున్నవాడు క్షణంలో సముద్రం పాలవుతాడు. తాడుతో బతికే మనుషుల నోట ఆ జాగ్రత్తలు విన్నవారికి ఈ అధ్యాయం పూర్తిగా మనసుకెక్కుతుంది.

చిత్రాన్ని చీకటి గదిలో చూడాలి. ఛాయాగ్రాహకుడు ఆస్వాల్డ్ మోరిస్ రంగుల ముద్రణకు నలుపు-తెలుపు ముద్రణను జోడించి, చిత్రంలో కనిపించే వెలిసిన రంగు ఛాయను కావాలనే సాధించారు. టీవీలో రంగు పెంచితే ఆ శ్రమంతా వృథా అవుతుంది. చివరి వేట మొదలయ్యే ముందు ప్రదర్శనను ఆపి, 135వ అధ్యాయాన్ని మరోసారి చదవండి.

నవలలో ఏహాబ్ విసిరిన ఈటె తాడే అతని మెడకు చుట్టుకొని, పక్కనున్నవారు గ్రహించేలోపే అతన్ని పడవలోంచి లాగేస్తుంది. తిమింగలం ఒంటికి తాళ్లతో బిగిసి కనిపించే శవం ఏహాబ్ వెంట ఉండే ఈటెగాడు, ఫెడల్లా అనే పార్సీది. చిత్రంలో ఫెడల్లా పాత్రే లేదు; అతని చావును గ్రెగరీ పెక్ పోషించిన ఏహాబ్‌కు ఇచ్చారు. తిమింగలానికి బిగుసుకుపోయిన ఏహాబ్ చేయి రమ్మని పిలుస్తున్నట్టు ఊగే దృశ్యం మరపురానిదే. అయినా, పడవలోని ప్రతివాడి మెడ చుట్టూ పొంచి ఉన్న ప్రమాదం అక్కడ నాయకుడొక్కడి ప్రత్యేక మరణంగా మారిపోయిందని నా అభిప్రాయం. రేవులో తాళ్లను చూసి వచ్చినవారు దీని మీద ఏమంటారో ముందుగా వినాలి.

ఓడలో ఏహాబ్ తరువాతి అధికారి అయిన స్టార్‌బక్ విషయంలో మార్పు ఇంకా లోతైనది, చర్చలో సగం సమయం దీనికే కేటాయించాలి. నవలలో ఏహాబ్ అతన్ని ఓడలోనే ఉండమంటాడు, ఓడతోపాటే అతను మునిగిపోతాడు. చిత్రంలో లియో గెన్ పోషించిన స్టార్‌బక్ వేట పడవలోనే ఉండి, ఏహాబ్ చనిపోయాక వెనుదిరగబోయిన వారిని తానే మళ్లీ తిమింగలం మీదకు నడిపిస్తాడు. ఏహాబ్ పగ అతనికీ అంటుకుందా, లేక తిమింగలాలను వేటాడటం తమ వృత్తి అన్న మొండి నిష్ఠ అతని చేత ఆ పని చేయించిందా? మాట తెలియని మూగజీవి మీద పగ తీర్చుకోవడమేమిటని 36వ అధ్యాయంలో స్టార్‌బక్ ఏహాబ్‌ను నిలదీసిన పేజీని ఒకరు చదివి, వెంటనే ఈ దృశ్యాన్ని రెండోసారి వేసి చూపించి, అప్పుడే అందరి అభిప్రాయాలూ అడగండి.