టర్బో హాట్ హ్యాచ్‌కి రీమ్యాప్: ట్యూనర్‌ని ఎలా ఎంచుకోవాలి?

గోల్ఫ్ జీటీఐ, ఐ30 ఎన్, ఫోకస్ ఎస్‌టీ లాంటి హాట్ హ్యాచ్‌ల (ఎక్కువ పవర్ ఉన్న చిన్న హ్యాచ్‌బ్యాక్ కార్ల) టర్బో ఇంజిన్లలో కంపెనీలు కొంత పవర్ వాడకుండా వదిలేస్తాయి. రకరకాల పెట్రోలు, తీవ్రమైన ఎండ, చలి, సర్వీసు సరిగ్గా చేయించని యజమానులు, వీటన్నిటినీ ఒకే సాఫ్ట్‌వేర్ తట్టుకోవాలి కదా. ఈసీయూలోని, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌లోని, ఆ సాఫ్ట్‌వేర్‌ని మార్చి, బూస్ట్‌నీ (టర్బో తోసే గాలి ఒత్తిడి) ఇగ్నిషన్ టైమింగ్‌నీ (స్పార్క్ వచ్చే క్షణం) ఇంధనాన్నీ కొత్తగా సెట్ చేయడమే రీమ్యాప్. ఆ సెట్టింగులే మ్యాప్, ఆ పని చేసేవాడే ట్యూనర్. 220 హార్స్‌పవర్‌తో వచ్చిన ఏడో తరం గోల్ఫ్ జీటీఐ ఒక్క పార్టు కూడా మార్చకుండా 300 దగ్గరికి చేరుతుంది. అదే పనిని తెలియని చేతుల్లో పెడితే పిస్టన్ పగలవచ్చు. అందుకని ట్యూనర్ ఎంత పవర్ ఇస్తానంటున్నాడో అడగడానికి ముందు, అతను మీ కారులో ఏమేం కొలుస్తాడో అడగండి. నా దృష్టిలో ఎంపిక మొత్తం ఆ ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది.

1. ముందు మీ కారు సంగతి తేల్చుకోండి

ఇంజిన్ కోడ్, ఈసీయూ మోడల్, గేర్‌బాక్స్ రకం, మీకు నమ్మకంగా దొరికే పెట్రోలు ఆక్టేన్ రాసి పెట్టుకోండి. ఆక్టేన్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. 98 ఆక్టేన్‌కి రాసిన మ్యాప్ మీద 95 పెట్రోలు పోస్తే ఇంజిన్ నాక్ అవుతుంది (ఇంధనం అదుపు తప్పి అంటుకుంటుంది), ఈసీయూ టైమింగ్‌ని వెనక్కి లాగుతూ ఉంటుంది. డబ్బు పోసి కొన్న పవర్ దక్కదు, పైగా ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది.

స్పార్క్ ప్లగ్‌లు, కాయిల్స్, టర్బో గొట్టాల్లో లీకులు చూపించుకోండి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ ఎక్కువ దూరం తిరిగి ఉంటే ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుని ఉంటుంది, దాన్నీ చూడాలి. గేర్‌బాక్స్ పరిమితి కూడా తెలుసుకోండి. ఫోక్స్‌వ్యాగన్ డీఎస్‌జీల్లో (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో) డ్రై క్లచ్ ఉండే డీక్యూ200 సుమారు 250 న్యూటన్ మీటర్ల టార్క్‌కి (తిప్పే బలానికి) తయారైంది, వెట్ క్లచ్ డీక్యూ250 సుమారు 350కి. మాన్యువల్ అయితే పాత క్లచ్ మ్యాప్ పెట్టిన వారంలోనే జారడం మొదలుపెట్టవచ్చు.

2. ఫైల్ రాసింది ఎవరో అడగండి

చాలామంది కొనుగోలుదారులు అడగని ప్రశ్న ఇది. రీమ్యాప్ చేసే పరికరాల్లో మాస్టర్, స్లేవ్ అని రెండు రకాలు ఉన్నాయి. స్లేవ్ టూల్ ఉన్నవాడు మీ ఈసీయూ ఫైల్‌ని చదివి ఇంకెక్కడికో పంపుతాడు. మాస్టర్ టూల్ ఉన్నవాళ్లు దాన్ని మార్చి తిరిగి పంపిస్తారు. మీ ముందు నిలబడినవాడు ఆ ఫైల్‌ని తెరవను కూడా తెరవలేడు.

ఇలా పనిచేయడం తప్పేమీ కాదు. ఫైల్ రాసేవాళ్లు మంచివాళ్లైతే ఫలితమూ బాగుంటుంది. కానీ రేపు మీ కారు మూడో గేరులో తడబడితే ఎవరు చూస్తారు, ఎన్నిసార్లు సరిచేస్తారు, దానికి మళ్లీ డబ్బు తీసుకుంటారా అన్నది ముందే తెలియాలి. మీ ఇంజిన్ మీదే, మీ ఈసీయూ వెర్షన్ మీదే ఎన్ని పనులు చేశారో చెప్పమనండి. బాష్ ఎమ్‌జీ1 లాంటి కొత్త ఈసీయూలు ఓబీడీ పోర్ట్ (కారులోని డయాగ్నస్టిక్ సాకెట్) ద్వారా తేలిగ్గా లొంగవు, కారులోంచి విప్పి బెంచ్ మీద పెట్టాల్సి రావచ్చు. ఆ మాట మీరు అడగకుండానే చెప్పేవాడికి పని తెలుసు.

స్టేజ్ 1, స్టేజ్ 2 అనే పేర్లను మాత్రం కొలమానంగా తీసుకోవద్దు. సాఫ్ట్‌వేర్ ఒక్కటే మారిస్తే స్టేజ్ 1, డౌన్‌పైప్ (టర్బో నుంచి వచ్చే ఎగ్జాస్ట్ గొట్టం), ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచే భాగం) కూడా మారిస్తే స్టేజ్ 2 అనేది వాడుకే గానీ ఎవరూ పెట్టిన ప్రమాణం కాదు.

3. పాత లాగ్‌లు చూపించమనండి

లాగ్ అంటే ఇంజిన్ పూర్తి లోడ్‌లో ఉన్నప్పుడు ఈసీయూ సెన్సర్లు చెప్పిన లెక్కల రికార్డు. ఇంతకుముందు చేసిన మీలాంటి కారు లాగ్ చూపించమని అడిగితే మంచి ట్యూనర్ సంతోషిస్తాడు. మూడో గేరులో 2000 ఆర్‌పీఎం నుంచి రెడ్‌లైన్ దాకా తీసిన ఒక్క పుల్ (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి తీసిన పరుగు) చాలు, చాలా విషయాలు తెలుస్తాయి.

ప్రతి సిలిండర్‌కీ టైమింగ్ ఎంత వెనక్కి లాగబడిందో చూడండి. అక్కడక్కడా ఒకటి రెండు డిగ్రీలు మామూలే. ప్రతి పుల్‌లోనూ ఒకే సిలిండర్ నాలుగైదు డిగ్రీలు కోల్పోతుంటే మ్యాప్ మరీ ఎక్కువగా ఉందనో, ఆ సిలిండర్‌లో లోపం ఉందనో అర్థం. తర్వాత ఈసీయూ అడిగిన బూస్ట్, నిజంగా వచ్చిన బూస్ట్ పక్కపక్కన పెట్టి చూడండి. వేస్ట్‌గేట్ (బూస్ట్‌ని అదుపు చేసే తలుపు) పూర్తిగా మూసుకుని ఉన్నా బూస్ట్ అడిగినంత రాకపోతే ఆ టర్బోకి ఇక శక్తి లేదు, లేదా ఎక్కడో లీకు ఉంది. రైల్ ప్రెజర్ (ఇంజెక్టర్లకు వెళ్లే ఇంధనం ఒత్తిడి) పడిపోతుంటే హై ప్రెజర్ పంపు చాలడం లేదు. ఇన్‌టేక్ ఉష్ణోగ్రత ఒక్క పుల్‌లోనే బాగా పెరిగితే ముందు ఇంటర్‌కూలర్ సంగతి చూడాలి.

టార్క్ గ్రాఫ్ కూడా చూడండి. 2000 ఆర్‌పీఎం దగ్గరే కొండలా లేచిన గ్రాఫ్ నడపడానికి హుషారుగా ఉంటుంది గానీ, చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో అక్కడే ఎల్‌ఎస్‌పీఐ (లో స్పీడ్ ప్రీ ఇగ్నిషన్) ప్రమాదం. స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్ రింగ్ ల్యాండ్లు (రింగులు కూర్చునే గాడుల మధ్య అంచులు) విరగవచ్చు. ఆ భాగంలో టార్క్‌ని కావాలనే తగ్గించి, పైన పెంచే ట్యూనర్‌కే నా ఓటు. ఏపీఐ ఎస్‌పీ ప్రమాణం ఉన్న ఇంజిన్ ఆయిల్ ఈ ప్రమాదాన్ని తగ్గిస్తుంది. అయితే కారు కంపెనీ చెప్పిన ఆయిల్ స్పెసిఫికేషన్‌కి కూడా అది సరిపోవాలి.

4. డైనో అంకెను ఎలా చదవాలి

డైనో అంటే కారు పవర్ కొలిచే యంత్రం. ఒక డైనో అంకెను ఇంకో డైనో అంకెతో పోల్చకూడదు. అదే రోజు, అదే డైనో మీద, అదే గేరులో మ్యాప్‌కి ముందు, తర్వాత తీసిన రెండు గ్రాఫ్‌లు అడగండి. అది చక్రాల దగ్గర పవరా, ఇంజిన్ క్రాంక్ దగ్గర ఉంటుందని లెక్కగట్టిన పవరా అన్నదీ కనుక్కోండి. వెంటవెంటనే మూడు రన్‌లు చేయించండి. మూడోది మొదటిదానికంటే బాగా తగ్గితే అసలు రోడ్డు మీద మీకు దక్కేది ఆ మూడోదే.

5. ఎవరి దగ్గర నుంచి లేచి రావాలి

కారు చూడకుండానే ఫోన్‌లో హార్స్‌పవర్ హామీ ఇచ్చేవారు, అరగంటలో అయిపోతుందనేవారు, ముందు ఫాల్ట్ కోడ్‌లు కూడా చదవనివారు వద్దు. వార్నింగ్ లైట్‌ని సాఫ్ట్‌వేర్‌లో ఆర్పేస్తామంటే అసలే వద్దు. కొందరు యాక్సిలరేటర్ వదలగానే పటపటమనే శబ్దాల కోసం ఇంధనాన్ని ఎగ్జాస్ట్‌లో మండిస్తారు. ఆ వేడి టర్బో మీదా కేటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) మీదా పడుతుంది, నేనైతే పెట్టించను. కన్వర్టర్‌ని తీసేయడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం కూడా.

6. డబ్బు ఇచ్చే ముందు

మీ ఒరిజినల్ ఫైల్ కాపీ చేతికి తీసుకోండి. షోరూంలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే మీ మ్యాప్ చెరిగిపోవచ్చు, మళ్లీ ఎక్కించడానికి ఖర్చు ఎవరిదో రాయించుకోండి. ఒరిజినల్ ఫైల్ తిరిగి వేసినా, ఈసీయూని మార్చిన ఆనవాళ్లు షోరూం వాళ్లకు దొరకవచ్చు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్‌లో అలాంటి కారుకు టీడీ1 అనే గుర్తు వేస్తారు. ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ పోతుందనుకునే నిర్ణయం తీసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి రీమ్యాప్ సంగతి చెప్పి, ఒప్పుకున్నట్టు కాగితం తెచ్చుకున్నాకే అపాయింట్‌మెంట్ పెట్టుకోండి.