బరువు ఉచ్చు – రెండో పాఠం: రాయి లేని నేల మీద నాలుగంకె మీట

మూడు కర్రల మీట మీద నిలబెట్టిన బరువు, ఎర కదలగానే ఎలుక మీద పడి చంపేదే బరువు ఉచ్చు. మొదటి పాఠంలో ఎలుక దారి గుర్తుపట్టడం నేర్చుకున్నాం. గట్టు వారగా నున్నగా అరిగిన గీత, బొరియ నోటి దగ్గర కొత్తగా తోడిన మట్టి, కొరికేసిన వరి దుబ్బులు. ఆ దారి మీరు చూసి పెట్టుకున్నారనే అనుకుని ఈ పాఠం మొదలుపెడుతున్నాను. చూడకపోతే ముందు ఆ పని చేయండి. దారి తప్పిన చోట ఎంత మంచి ఉచ్చు పెట్టినా రాత్రంతా ఖాళీగానే ఉంటుంది.

అడవిలో బతకడం నేర్పే పాఠాలన్నీ 'పెద్ద బల్లపరుపు రాయి తెచ్చుకోండి' అని మొదలవుతాయి. మనకి ధవళేశ్వరం దాటి కిందికి వస్తే అంతా ఒండ్రు మట్టే. కోనసీమలోనో, భీమవరం పక్కనో పొలం గట్టు మీద పిడికెడు రాయి కూడా దొరకదు. దీంతో రెండు చిక్కులు: మీద పడే బరువు ఎక్కడి నుంచి తేవాలి, కింద మెత్తటి నేలని ఏం చేయాలి. రెండోది చిన్నగా కనబడుతుంది గానీ అసలు ఇబ్బంది అదే.

బరువుకి నాపరాయి బాగా పనికొస్తుంది. పాత ఇళ్ళు పడగొట్టిన చోట ముక్కలు దొరుకుతాయి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న నాపరాయి సుమారు 6 కిలోలు తూగుతుంది. పొలాల్లో తిరిగే పందికొక్కు ఎదిగితే 300 గ్రాముల దాకా ఉంటుంది. జంతువు బరువుకి కనీసం ఐదు రెట్లు ఉండాలని మామూలుగా చెబుతారు. నేను మాత్రం పదిహేను రెట్లకి తగ్గించను. ఉచ్చు పడితే ప్రాణం ఒక్క క్షణంలో పోవాలి. నడుం విరిగి తెల్లవారేదాకా కొట్టుకునేలా చేసే ఉచ్చు పెట్టే హక్కు మనకి లేదు. నాపరాయి లేకపోతే తాటి దుంగని నిలువునా చీల్చిన చెక్క మీద రెండు ఇటుకలు తాడుతో బిగించి కట్టండి. కొబ్బరి దుంగ ముక్క గుండ్రంగా ఉంటుంది కాబట్టి పడేటప్పుడు దొర్లిపోతుంది, వద్దు.

ఇక నేల. తడి గట్టు మీద బరువు పడితే ఎలుక మట్టిలోకి దిగబడుతుంది, దెబ్బ మాత్రం తగలదు. అది పక్కనుంచి తవ్వుకుని పోతుంది. పైగా మీటలోని నిలువు కర్ర రాత్రికి రాత్రే కొంచెం కొంచెంగా కుంగి, గాట్లు వాటంతట అవే సడలుతాయి. అర్ధరాత్రి ఎవరూ ముట్టుకోకుండా పడిపోయిన ఉచ్చుకి ఎక్కువగా కారణం ఇదే. అందుకే కింద గట్టి ఆధారం వేయాలి. ఇంకో నాపరాయి గానీ, పక్కపక్కనే పేర్చిన ఇటుకలు గానీ గట్టులో కొంచెం తవ్వి, నేలతో సమానంగా కూర్చోబెట్టండి. మూడు కర్రలూ, బరువూ అన్నీ దాని మీదే ఉండాలి. ఇటుకల మధ్య సందులు మట్టితో పూడ్చండి.

ఇప్పుడు మీట. మూడు కర్రలు కలిస్తే ఇంగ్లీషు 4 అంకెలా కనబడతాయి కాబట్టి దీన్ని నాలుగంకె మీట అందాం. కర్రలకి ఎండిన సరుగుడు వాడండి, బొటనవేలు మందం చాలు. పచ్చి కర్ర ఎండుతూ ముడుచుకుంటే గాటు మారిపోతుంది. వెదురు గాటు పెట్టిన చోట చీలుతుంది. కొబ్బరి మట్ట ఇంకా మెత్తన.

నిలువు కర్ర జానెడు ఉండాలి. పై కొసని ఉలి అంచులా చెక్కండి, కింది కొసని అడ్డంగా కోయండి. సగం ఎత్తులో ఒక పక్క చదును చేసి, నిక్కచ్చిగా ఒక మూల తేలేలా చేయండి. ఎర కర్ర ఆ మూలకే తగులుకుంటుంది.

వాలు కర్ర కూడా జానెడే. పై కొసకి రెండు వేళ్ళ దూరంలో అడుగు వైపున అడ్డంగా ఒక గాటు పెట్టండి. నిలువు కర్ర పై అంచు ఆ గాటులో కూర్చుంటుంది. వాలు కర్ర కింది కొసని కూడా ఉలిలా చెక్కండి.

ఎర కర్ర జానెడున్నర. దాని వెనక కొస దగ్గర పైవైపు ఒక గాటు, వాలు కర్ర కింది కొస కోసం. మధ్యలో పక్కవైపు ఇంకో గాటు, నిలువు కర్ర మూల కోసం. ముందు కొస సన్నగా చెక్కితే అక్కడ ఎర కట్టచ్చు.

ఎందుకు ఇలా అన్నది అర్థమైతే కొలతలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. బరువు వాలు కర్ర పై కొసని కిందికి నొక్కుతుంది. దాంతో కింది కొస బయటికి ఎగరాలని చూస్తుంది. దాన్ని ఎర కర్ర లాగి పట్టుకుంటుంది, ఎర కర్రని నిలువు కర్ర ఆపుతుంది. ఎర కదిలితే మధ్య గాటు జారుతుంది, అంతా కూలుతుంది. రాయి ఒక అంచు నేల మీద ఆనుకుని ఉంటుంది కాబట్టి 6 కిలోల్లో ఇంచుమించు సగమే, అంటే 3 కిలోలే, వాలు కర్ర మీద పడుతుంది. వాలు కర్రలో గాటుకి పైన రెండు వేళ్ళు, కింద పది వేళ్ళు ఉంటే ఎర కర్ర మీదికొచ్చే లాగుడు మళ్ళీ ఐదో వంతుకి తగ్గి అర కిలోకి కాస్త పైన ఉంటుంది. మీట కదలనంత బిగుసుకుపోతే మధ్య గాటు లోతు తగ్గించండి, లేదా వాలు కర్ర గాటుని పై కొసకి ఇంకొంచెం దగ్గరగా జరపండి. ఊరికే పడిపోతుంటే దానికి తిరగేసి చేయండి.

నిలబెట్టే ముందు రాయి కింద ఒక ఇటుకని నిలువుగా ఆనించండి. చివరి సర్దుబాటు అయ్యాక దాన్ని కర్రతో పక్కకి తోసేయాలి. వేళ్ళు ఏ కారణంతోనూ రాయి కిందికి పోకూడదు. ఇందులో 'ఒక్కసారికి ఏం కాదులే' అనే మాటే లేదు.

పరీక్షకి కొబ్బరి ఈనె తీసుకుని, దూరం నుంచి ఎర కొసని తోయండి. ఈనె బాగా వంగాక గానీ రాయి పడలేదంటే మీట బిగువుగా ఉన్నట్టు. పదిసార్లు నిలబెట్టి పదిసార్లూ పడాలి, తొమ్మిది చాలవు. ఆ తర్వాత ఎర కింద ఒక వంకాయ పెట్టి పడేయండి. అది పూర్తిగా నలిగిపోవాలి. ఒక పక్కే నలిగితే కర్ర ముక్కలు రాయికి అడ్డం పడుతున్నట్టు. కింద ఆధారం సమంగా ఉందో లేదో కూడా చూడండి.

ఎరకి కాల్చిన ఎండు కొబ్బరి ముక్క మంచిది. దారంతో గట్టిగా కట్టండి, ఎలుక లాగితేనే రావాలి. కొత్త వస్తువంటే ఎలుకకి అనుమానం. అందుకని మొదటి రెండు మూడు రాత్రులు ఇటుక తీయకుండా, మీట పనిచేయకుండా, ఉత్త ఎర పెట్టి తిననివ్వండి. అలవాటు పడ్డాక అసలు ఉచ్చు. సార్వాకైనా దాళ్వాకైనా వరి పొట్టకి రాకముందే ఈ పని మొదలుపెట్టడం మేలు. పొట్ట దశలో పొలంలోనే కావలసినంత తిండి ఉంటుంది, మన కొబ్బరి ముక్కని పట్టించుకోవు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఈ ఉచ్చు ఎలుకకే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉడుమునీ, ముంగిసనీ, కుందేలునీ పట్టడం నేరం. కోరింగ మడ అడవుల్లో, ఆ చుట్టుపక్కల కాలువల వెంట నీటిపిల్లి (ఫిషింగ్ క్యాట్) తిరుగుతుంది, చాలా అరుదైన జంతువు. అందుకే ఉచ్చు చుట్టూ ముళ్ళకంప పరిచి, బెత్తెడు దారి మాత్రమే వదలండి. పిల్లికీ, కోడికీ, పక్కింటి కుక్కకీ అందులో దూరడం కష్టం. చీకటి పడ్డాక నిలబెట్టండి, తెల్లవారుతూనే దించేయండి. పగలు ఆ గట్ల మీద పిల్లలు నడుస్తారు.

పొద్దున దించేటప్పుడు చేతికి మందపాటి కవరు తొడుక్కోండి. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది, చేతి మీద చిన్న గాయం ఉన్నా చాలు. చచ్చిన ఎలుకని కాలువలో పడేయకుండా లోతుగా పూడ్చండి. బొరియలో చెయ్యి పెట్టకండి, ఎలుక కోసం నాగుపాము కూడా అందులోకే దూరుతుంది.

మూడో పాఠంలో దారంతో పనిచేసే మీట చూద్దాం. ఇంకా సున్నితంగా పడుతుంది, కానీ తేమకి దారం సాగే ఇబ్బంది ఉంటుంది. దానికి మూరెడు నైలాన్ దారం, చిటికెన వేలంత సరుగుడు పుల్ల ఒకటి సిద్ధం చేసుకోండి. రాయి, కింద ఆధారం ఇవే సరిపోతాయి.