రాకెట్ సరిగా ఎగరలేదా? కింద పడ్డదాన్నే అడగండి

మోడల్ రాకెట్ కిట్ తెచ్చి, వారం రోజులు కూర్చొని అతికించి, చెలకలో నిలబెట్టి బటన్ నొక్కితే రాకెట్ మొరాయిస్తుంది. అప్పుడు పిల్లలైనా పెద్దలైనా చేసే పని ఒకటే: ఇంకో మోటరు పెట్టి మళ్లీ నొక్కడం. (నల్లగొండలో మోటరంటే బోరు మోటరే గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పేది తుపాకి మందు దట్టించిన అట్ట గొట్టం గురించి. చిన్న కిట్లలో ఎక్కువగా 18 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది.) మా బడి పిల్లలతో నేనూ మొదట్లో అట్లాగే చేసి మోటర్లు తగలేశాను. తర్వాత ఒక అలవాటు చేసుకున్నాం. పడ్డ రాకెట్‌ను దులపకుండా, సర్దకుండా ముందు చూస్తాం. ఏది కాలింది? ఏది ఊడింది? ఊడాల్సింది ఏది ఊడలేదు? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. మోటరు చట్టం దృష్టిలో పేలుడు పదార్థం. లైసెన్సున్న చోటే కొనండి. బస్సులో, రైల్లో, విమానంలో సంచిలో వేసుకుని తేవద్దు. చేను ఆసామికి, పోలీస్ స్టేషన్‌కు చెప్పాకే ఎగరేయండి. దీపావళి రాకెట్లు విప్పి మందు తీసి సొంతంగా మోటరు చేద్దామని ఎవరికైనా అనిపిస్తే అక్కడే ఆపేయండి. దాని రిపేరు గురించి నేను రాయలేను.

బటన్ నొక్కినా ఏమీ కాలేదు

బటన్ ఉన్న పెట్టె (కంట్రోలర్) తాళంచెవి తీసేయండి. తర్వాత 60 సెకన్లు ఎవరూ రాకెట్ దగ్గరికి పోవద్దు. మోటర్లకు శక్తిని బట్టి ఎ, బి, సి, డి అని తరగతులుంటాయి; డి వరకు చిన్న మోటర్లకు మామూలుగా నిలబడాల్సిన దూరమే 5 మీటర్లు. నిమిషం గడిచాక ఇగ్నైటర్, అంటే మోటరును అంటించే తీగ, బయటికి తీసి కొన చూడండి.

కొన కాలి నల్లబడి, మోటరు మాత్రం అంటుకోలేదంటే కొన మందుకు తగల్లేదని అర్థం. నాజిల్‌లోకి, అంటే మోటరు అడుగు రంధ్రంలోకి, చివరిదాకా దూర్చి, దానితో వచ్చిన ప్లాస్టిక్ ప్లగ్‌ను గట్టిగా నొక్కాలి. మా దగ్గర ఎక్కువసార్లు తేలింది ఇదే.

కొన అసలు కాలలేదంటే కరెంటు చాలలేదు. టీవీ రిమోట్‌లోంచి తీసిన పాత సెల్లు వేస్తే కంట్రోలర్ బల్బు వెలుగుతుంది, ఇగ్నైటర్ మాత్రం వేడెక్కదు. ఆ బల్బు చెప్పేది వైరు తెగలేదని మాత్రమే, సెల్లులో దమ్ముందని కాదు. కొత్త ఆల్కలైన్ సెల్లు వేయండి. అవి కొత్తవే అయితే ఇగ్నైటర్‌ను పట్టే క్లిప్పులు చూడండి. కిందటిసారి పట్టిన మసిని గరుకు కాగితంతో రుద్దాలి. ఇగ్నైటర్ తీగలు రెండూ ఒకదానికొకటి తగిలినా, క్లిప్పులు రెండూ కింది ఇనుప రేకుకు ఆనినా కరెంటు అడ్డదారిన పోతుంది. బల్బు మాత్రం ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉంటుంది. ఒకరోజు ఎనిమిదో తరగతి పిల్లలు దాన్ని నమ్మి వరసగా నాలుగు ఇగ్నైటర్లు మార్చారు. చివరికి చూస్తే తప్పు క్లిప్పులది.

రాడ్ మీద నత్తలా కదిలింది, లేదా అక్కడే ఆగి మండింది

రాకెట్‌ను నిటారుగా నిలబెట్టే ఇనుప రాడ్‌కు తుప్పు గానీ మసి గానీ పట్టి ఉంటుంది. లేకపోతే లాంచ్ లగ్‌లో, అంటే రాకెట్ పక్కన అతికించిన ఆ చిన్న గొట్టంలో, రంగో జిగురో గడ్డకట్టి ఉంటుంది. ఎగరేసే ముందు రాకెట్‌ను రాడ్‌కు తొడిగి వదలండి. తన బరువుకే జారి కిందికి రావాలి. రాడ్ కొనకు టోపీ పెట్టి, ఎగరేసేటప్పుడే తీయండి. వంగినప్పుడు కంట్లో గుచ్చుకునేది అదే.

పైకి పోయి పక్కకు తిరిగింది

ఇందులో రెండు రకాలున్నాయి, రెంటినీ కలపొద్దు. గాలి వచ్చే వైపుకు మెల్లగా ఒరిగి పోతే రాకెట్‌లో తప్పేమీ లేదు. రెక్కల మీద గాలి తోస్తే ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. ఆషాఢం గాలిలో ఏ రాకెట్ అయినా అంతే. గంటకు 32 కిలోమీటర్లు దాటిన గాలిలో ఎగరేయకూడదు. మా అనుభవంలో చలికాలం పొద్దున ఏడు, ఎనిమిది గంటల మధ్య చెలక మీద ఆకు కూడా కదలదు. మేం ఎగరేసేది అప్పుడే.

రాడ్ దాటగానే గిరికీలు కొట్టిందంటే మాత్రం బరువు వెనక్కి పోయింది. గాలి ఒత్తిడి పనిచేసే బిందువు కన్నా బరువు కేంద్రం కనీసం గొట్టం వ్యాసమంత ముందుండాలి. లెక్కలు వద్దనుకుంటే దారం పరీక్ష చేయండి. మోటరు పెట్టి, ఇగ్నైటర్ లేకుండా, ప్యారాచూట్ మడిచి లోపల సర్ది రాకెట్‌ను పూర్తిగా సిద్ధం చేయాలి. అది సరిగ్గా తూగే చోట దారం కట్టి, కదలకుండా టేపు వేసి, రెండు మూడు మీటర్ల దారంతో తల చుట్టూ తిప్పాలి. ముక్కు ముందుండి తిరిగితే ఎగరేయొచ్చు. తోక ముందుకొస్తే ముక్కులో కొంచెం బంకమట్టి కూరి మళ్లీ తిప్పండి. ఖాళీ రాకెట్‌తో ఈ పరీక్ష చేసి మురిసిపోవద్దు. వెనక బరువు పెట్టేదే మోటరు కదా.

నేరుగా పోతూ తనలో తాను బొంగరంలా తిరిగితే రెక్క ఒకటి వంకరగా అతికింది. ఎత్తు కొంత తగ్గుతుంది, అంతే. దానికి టెన్షన్ అక్కర్లేదు.

ప్యారాచూట్ పని చేయలేదు

ఎక్కువ తిప్పలు ఇక్కడే. పడ్డదాన్ని బాగా చదవాల్సింది కూడా ఇక్కడే.

ముక్కు బిగుసుకుని అట్లాగే ఉంది, మోటరు లేదు: పైన మోటరులో మందు పేలి గాలి తన్నినప్పుడు ముక్కు ఊడకుండా మోటరే వెనక్కి ఊడి పోయింది. ముక్కు అడుగు భాగాన్ని గరుకు కాగితంతో రుద్దండి. రాకెట్‌ను దాని ముక్కు పట్టుకుని ఎత్తితే జారిపోకూడదు, వేలితో లాగితే తేలిగ్గా రావాలి. వదులైతే ఒక చుట్టు మాస్కింగ్ టేపు చాలు. మోటరును పట్టి ఉంచే ఇనుప కొక్కెం వంగిందేమో కూడా చూడండి.

ముక్కు ఊడింది, ప్యారాచూట్ ముద్దలా ఉంది: రాత్రే మడిచి పెట్టి ఉంటారు. మన ఎండకు పల్చటి ప్లాస్టిక్ ఒకదానికొకటి అంటుకుంటుంది. మడతల్లో పిల్లల పౌడర్ చల్లి, ఎగరేసే ముందే మడవండి.

ప్యారాచూట్‌కు చిల్లులు, అంచులు కరిగాయి: వాడింగ్, అంటే మంట అంటుకోని ఆ ప్రత్యేకమైన కాగితం, తక్కువైంది. మూడు నాలుగు ముక్కలు వదులుగా ఉండలు చేసి, గొట్టంలో ఖాళీ లేకుండా, గట్టిగా కూరకుండా వేయాలి. ఒకసారి వాడింగ్ అయిపోతే మా పిల్లవాడు పత్తి తెచ్చి కూరాడు. ఇంటి చుట్టూ పత్తి చేలే, పాపం, చేతికందింది అదే. అది పొగలు కక్కుతూ వచ్చి కోసిన వరి కొయ్యల మీద పడింది. పక్కనే బకెట్ నీళ్లు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. పత్తి, పేపరు, మామూలు టిష్యూ ఏదీ వద్దు. యాసంగి కోతలయ్యాక ఎండిన మడిలో ఎగరేయనే వద్దు.

ముక్కు ఒక చోట, గొట్టం ఇంకో చోట పడ్డాయి: రెంటినీ కలిపే రబ్బరు తాడు తెగింది. కొసలు చూడండి. నల్లగా ఉంటే కాలింది, మామూలుగా ఉంటే పాతబడి పుటుక్కుమంది. టైలర్ల దగ్గర దొరికే ఎలాస్టిక్‌ను రాకెట్‌కు రెండింతల పొడవు తీసుకుని మార్చండి.

అన్నీ బాగున్నాయి, కానీ నేలకు దగ్గరికి వచ్చాకే విచ్చుకుంది: మోటరు మీద నంబరు చదవండి. బి6-4 అంటే బి మొత్తం శక్తి తరగతి, 6 న్యూటన్లు సగటు తోపు, మందు అయిపోయాక 4 సెకన్లకు ప్యారాచూట్ తన్నేది. ఎ కన్నా బి, బి కన్నా సి సుమారు రెట్టింపు. బరువు రాకెట్‌కు చివరి అంకె చిన్నది కావాలి. చివర సున్నా ఉన్నవి రెండంచెల రాకెట్ కింది అంచెకు, వాటిలో ప్యారాచూట్ తన్నే మందు ఉండదు.

బల్ల మీదే వచ్చే తిప్పలు

మోటరు పట్టే, చుట్టూ అట్ట రింగులున్న గొట్టాన్ని రాకెట్ లోపలికి తోస్తుంటే సగంలో బిగుసుకుపోయిందా? చెక్కకు వాడే తెల్ల జిగురులోని తడికి అట్ట ఉబ్బుతుంది, చేయి ఆగిందంటే అక్కడే పట్టేస్తుంది. జిగురును రింగుకు కాకుండా, పొడవాటి పుల్లతో గొట్టం లోపల రింగు చేరాల్సిన చోట పూయండి. తర్వాత ఆగకుండా ఒకే తోపులో దింపాలి.

రెక్కలు దిగగానే విరుగుతున్నాయంటే బాల్సా చెక్క నార ఏ వైపు పోతోందో చూడండి. రెక్క ముందంచుకు సమాంతరంగా ఉండాలి. సూపర్ గ్లూ తొందరగా పడుతుంది గానీ మన గట్టి మొరం నేల దెబ్బకు పెళుసుగా ఊడుతుంది. తెల్ల జిగురుతో అతికించి, ఆరాక మూలల్లో వేలితో ఇంకో పూత లాగండి.

మోటరు పగిలింది

గొట్టం చీలి, ఒక్కసారిగా మంట వస్తే మోటరు లోపల మందు బీటలు వారిందని అనుమానించాలి. మేలో స్కూటర్ డిక్కీలో పెట్టి, సాయంత్రం చల్లటి గదిలోకి తెచ్చి, మళ్లీ డిక్కీలో పెడితే ఎండకు చలికి మందు గొట్టం నుంచి విడుతుంది. కింద పడినవి కూడా అంతే. ఇంట్లో చల్లటి, పొడి చోట పెట్టండి. అనుమానం ఉన్నదాన్ని నీళ్లలో నానబెట్టి, మందు విడిపోయాక పారేయండి.

ఎగిరింది, దొరకలేదు

స్థలం చిన్నదై ఉంటుంది. ఎ మోటరుకు కనీసం 30 మీటర్లు, బికి 60, సికి 120 మీటర్ల వెడల్పున్న మైదానం కావాలి. ప్యారాచూట్ మధ్యలో రూపాయి బిళ్లంత చిల్లు కత్తిరిస్తే తొందరగా దిగుతుంది, తక్కువ దూరం కొట్టుకుపోతుంది. తాటిచెట్టు మీద పడితే పిల్లల్ని ఎక్కనీయకండి. కల్లు గీసే అన్న సాయంత్రం అటే వస్తాడు, అడిగితే తీసిస్తాడు. మాకు రెండుసార్లు తీసిచ్చాడు. కరెంటు తీగల మీద పడితే మాత్రం కర్ర తీసుకుని పోవద్దు. లైన్‌మన్‌కు చెప్పి, అది పోయిందనుకుని ఇంటికి రండి.