స్క్విడ్ ప్రాక్సీ రూల్స్: ఎక్కువమంది బోల్తా పడే చోట్లు

స్క్విడ్ అనేది మన నెట్‌వర్క్‌కీ ఇంటర్నెట్‌కీ మధ్య నిలబడే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్. ఎవరిని దేనికి అనుమతించాలో చెప్పే యాక్సెస్ రూల్స్‌ను అది పైనుంచి కిందికి చదువుతుంది. రిక్వెస్ట్‌కి సరిపోయిన మొదటి లైన్ దగ్గరే ఆగిపోతుంది, కింద ఏం రాసినా ఇక చూడదు. లోకల్ నెట్‌వర్క్‌ని అనుమతించే లైన్ పైన, ఒక సైట్‌ని ఆపే లైన్ కింద పెడితే ఆ సైట్ హాయిగా తెరుచుకుంటుంది. ఆపాల్సినవి ముందు, అనుమతులు తర్వాత, చిట్టచివర అందరికీ డినై (నిరాకరణ). ఆ చివరి లైన్ మర్చిపోతే ఇంకో చిక్కు: ఏ రూలూ సరిపోనప్పుడు స్క్విడ్ ఆఖరి లైన్‌కి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తుంది. అంటే ఆఖరిది ఏదో ఒక సైట్‌కి డినై అయితే, మిగతా అందరికీ తలుపులు బార్లా తెరిచినట్టే. స్క్విడ్ మామూలుగా వాడే 3128 పోర్ట్ బయటి ఇంటర్నెట్‌కి కనబడుతుంటే మరీ ప్రమాదం.

అసలు తికమక ఏసీఎల్‌లను (ఐపీ, డొమైన్ లాంటి షరతులకు పెట్టే పేర్లను) కలిపేటప్పుడు వస్తుంది. ఒకే ఏసీఎల్‌లో రాసిన విలువల్లో ఏ ఒక్కటి కలిసినా చాలు. ఒకే యాక్సెస్ లైన్‌లో రెండు ఏసీఎల్‌లు రాస్తే మాత్రం రెండూ కలవాలి. రెండు వేర్వేరు మెషీన్ల ఐపీలకు చెరో ఏసీఎల్ పెట్టి ఒకే లైన్‌లో ఇరికిస్తే ఆ రూల్ ఎప్పటికీ పనిచేయదు. ఒక రిక్వెస్ట్ ఒకే అడ్రస్ నుంచి వస్తుంది కదా. రెండు లైన్లుగా విడగొట్టండి.

డొమైన్ పేరు ముందు చుక్క పెడితేనే సబ్‌డొమైన్లు కూడా లెక్కలోకి వస్తాయి. హెచ్‌టీటీపీఎస్ ట్రాఫిక్‌ని డీక్రిప్ట్ చేయని ప్రాక్సీకి హోస్ట్, పోర్ట్ మాత్రమే కనిపిస్తాయి, కాబట్టి యూఆర్‌ఎల్ పాత్ (సైట్ పేరు తర్వాత వచ్చే భాగం) మీద రాసిన ఫిల్టర్లు అక్కడ దండగ.

రూల్స్ ఉన్న కాన్ఫిగ్ ఫైల్ మార్చగానే రీస్టార్ట్ కొట్టేయకండి. ముందు పార్స్ ఆప్షన్‌తో పరీక్షించి, తప్పుల్లేకపోతే రీకాన్ఫిగర్ (స్క్విడ్‌ని ఆపకుండా కొత్త రూల్స్ చదివించే కమాండ్) ఇవ్వండి. తర్వాత యాక్సెస్ లాగ్‌లో, ఆపాల్సిన రిక్వెస్ట్ పక్కన 403 (అనుమతి లేదని చెప్పే కోడ్) పడిందో లేదో చూడండి.