సెట్‌బ్యాక్ ఎన్ని అడుగులు అని కొట్టుకునే ముందు ఒక టేపు కొనుక్కోండి

అమెరికా ఊళ్ళలో డౌన్‌టౌన్ (ఊరి నడిబొడ్డు) జోనింగ్ రూల్స్, అంటే ఎక్కడ ఏది ఎలా కట్టాలో చెప్పే రూల్స్, మారుస్తున్నాం వచ్చి మీ మాట చెప్పండి అని సిటీ నోటీసు పడగానే జనం రెండు జట్లయిపోతారు, ఒకళ్ళు బిల్డింగులు వెనక్కి జరగాల్సిందే అంటారు, ఇంకొకళ్ళు ఒక్క అంగుళం వదలం అంటారు, అరగంట విన్నాక తెలిసేదేంటంటే ఇద్దరూ మాట్లాడేది ఒకే విషయం కాదు. నేను మొదటిసారి హియరింగ్‌కి (సిటీవాళ్ళు జనం మాట వినే మీటింగ్‌కి) వెళ్ళినప్పుడు పది అడుగుల సెట్‌బ్యాక్, అంటే బిల్డింగు ముందు వదలాల్సిన ఖాళీ, పెట్టండి అని గట్టిగా చెప్పేసి వచ్చి కూర్చున్నా, పక్కనున్న పెద్దాయన మెల్లిగా "ఎక్కణ్ణుంచి పది అడుగులు?" అన్నాడు, అంతే, నా దగ్గర జవాబు లేదు.

అందుకే ముందు ఇది తేల్చుకోండి. సెట్‌బ్యాక్‌ని మామూలుగా కొలిచేది ప్రాపర్టీ లైన్ (ఓనర్ స్థలం హద్దు గీత) నుంచి, కర్బ్ (ఫుట్‌పాత్‌కి రోడ్డు వైపు అంచు రాయి) నుంచి కాదు. ఫుట్‌పాత్ ఉండేదేమో ఎక్కువగా ఆ గీతకి ఇవతల, రోడ్డు వైపు, అంటే సిటీ స్థలంలో. నడిచేవాడికి ఆ గీత ఎక్కడుందో తెలీదు, అవసరం కూడా లేదు, వాడికి కావాల్సింది కర్బ్ నుంచి గోడ దాకా ఎంత జాగా ఉంది అన్నదే. ఇప్పటికే 15 అడుగుల ఫుట్‌పాత్ ఉన్న వీధిలో ఇంకో ఐదడుగులు సెట్‌బ్యాక్ అంటే ఆ జాగా ఊరికే పడుంటుంది, 6 అడుగులే ఉన్న వీధిలో అవే ఐదడుగులు ప్రాణం లేచొచ్చినట్టుంటాయి. కాబట్టి సెట్‌బ్యాక్ అంకె పట్టుకుని వాదించకండి, "కర్బ్ నుంచి గోడకి కనీసం ఇన్ని అడుగులు" అని అడగండి, అప్పుడు ఏ వీధికి ఎంత కావాలో అంతే పడుతుంది.

ఇంకో తిరకాసు ఏంటంటే సెట్‌బ్యాక్ అన్న మాటకే రెండర్థాలున్నాయి. న్యూయార్క్‌లో 1915లో ఈక్విటబుల్ బిల్డింగ్ అని 38 అంతస్తులు నిట్టనిలువుగా లేపేశారు, కింద వీధులకి ఎండ పడటం మానేసింది, ఆ గొడవ కూడా ఒక కారణమై 1916 జోనింగ్ రూల్ వచ్చింది, కానీ ఆ రూల్‌లో సెట్‌బ్యాక్ అంటే ఒక ఎత్తు దాటాక పై అంతస్తులు మెట్లుమెట్లుగా వెనక్కి పోవాలని, కింద గోడ వీధి అంచునే ఉండొచ్చు. దీన్ని ఇప్పుడు చాలామంది స్టెప్‌బ్యాక్ అంటున్నారు. ఎండ కోసం అడుగుతున్నారా, నడక కోసం అడుగుతున్నారా? ఎండ కావాల్సినవాడు కింద గోడని వెనక్కి తోయమని అడిగితే కావాల్సిన ఎండ పెద్దగా దక్కదు.

ఇక టేపు పని. రద్దీ ఉన్న సాయంత్రం ఒకసారి వెళ్ళి కొలవండి, మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు వెళ్తే అన్ని ఫుట్‌పాత్‌లూ బ్రహ్మాండంగానే కనిపిస్తాయి. కాగితం మీద 10 అడుగులు అని రాసున్న ఫుట్‌పాత్ తీసుకోండి. కర్బ్ రాయి అర అడుగు పోయింది. చెట్టు గుంత, దీపస్తంభం, చెత్తడబ్బా, పార్కింగ్ మీటర్ ఇవన్నీ ఉండే పట్టీ 4 అడుగులు. గోడకి రాసుకుంటూ ఎవరూ నడవరు, షాపు అద్దాలు చూసేవాళ్ళు ఉంటారు, కొన్ని తలుపులు బయటికి తెరుచుకుంటాయి, అక్కడ ఒకటిన్నర అడుగు. మిగిలింది 4 అడుగులు, అందులో మీరు మీ పిల్లాడి చెయ్యి పట్టుకుని నడుస్తుంటే ఎదురుగా ఎవరొచ్చినా ఒకళ్ళు పక్కకి తిరగాల్సిందే. రెండు వీల్‌చైర్లు ఎదురుపడి దాటాలంటే 5 అడుగులు కావాలి. ఇంక ఎవరైనా రెండు కుర్చీలు ఒక టేబుల్ బయట వేశారంటే అయిపోయినట్టే. అమెరికా సిటీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల సంఘం నాక్టో డౌన్‌టౌన్ వీధులకి 8 నుంచి 12 అడుగులు చెప్తుంది, కానీ అది అడ్డాలన్నీ తీసేశాక నడవడానికి మిగలాల్సిన జాగా, మొత్తం ఫుట్‌పాత్ వెడల్పు కాదు. చాలామంది ఇక్కడే బోల్తాపడతారు, మాకు పది ఉంది కదా సరిపోయింది అనుకుంటారు.

అందుకని టేపు నేల మీద పరిచి, అంకె కనపడేట్టు ఫోటో తీసి పెట్టుకోండి, పది పేజీల ఉత్తరం కంటే ఆ ఫోటో బాగా పనిచేస్తుంది. ఇరుకైన నాలుగైదు చోట్లు చాలు.

తర్వాత రూల్ బుక్ చదవాలి, బోరే, కానీ మొత్తం అక్కర్లేదు, డెఫినిషన్ల పేజీ చాలు. మెట్లు, ర్యాంపు, బాల్కనీ, షాపు పందిరి సెట్‌బ్యాక్‌లోకి రావచ్చా, ఆ జాగాలో కార్లు పెట్టుకోవచ్చా, ఇదంతా అక్కడే ఉంటుంది. కార్లు పెట్టకూడదు అని స్పష్టంగా రాయకపోతే మీరు పోరాడి తెచ్చుకున్న జాగా ఎవరి పార్కింగో అవుతుంది. ఇంకోటి, చాలా ఊళ్ళలో సెట్‌బ్యాక్ ప్లానింగ్ వాళ్ళ కోడ్‌లో ఉంటుంది, ఫుట్‌పాత్ వెడల్పు మాత్రం పబ్లిక్ వర్క్స్ వాళ్ళ వీధి ప్రమాణాల్లో ఉంటుంది, రెండు ఆఫీసులు, రెండు పుస్తకాలు. "ఈ వీధికి మీ రెండు పుస్తకాలూ కలిపి చూస్తే గోడ ఎక్కడొస్తుంది?" అని ఒక్క ప్రశ్న హియరింగ్‌కి ముందే ఈమెయిల్‌లో పెట్టి చూడండి, ఒక్కోసారి వాళ్ళు కూడా అప్పుడే మొదటిసారి లెక్కేసుకుంటారు.

అందరూ సెట్‌బ్యాక్ పెంచమని మొదలెట్టినప్పుడు నాకు అన్నింటికంటే భయం వేసేది పాత బిల్డింగుల గురించి. పాత డౌన్‌టౌన్‌లో బిల్డింగులన్నీ దాదాపు ప్రాపర్టీ లైన్ మీదే కట్టి ఉంటాయి, ఆ వీధి అందమే అది. కనీసం పది అడుగులు వదలాలి అని ఒక లైను రాసేస్తే ఆ వరుసంతా రాత్రికి రాత్రే రూల్‌కి విరుద్ధం అయిపోతుంది, కూలగొట్టమని ఎవరూ అనరు గానీ పెద్ద రిపేరు, పైన ఇంకో అంతస్తు, అగ్నిప్రమాదం జరిగితే తిరిగి కట్టడం, ప్రతిదానికీ మెలిక పడుతుంది, బ్యాంకు వాడు కూడా రెండుసార్లు ఆలోచిస్తాడు. దానికితోడు కొత్తగా కట్టినవి మాత్రమే వెనక్కి పోతాయి కాబట్టి వీధి పళ్ళూడిన నోరులా తయారవుతుంది, ఇక్కడ ఐదడుగులు వెడల్పు, పక్కన మళ్ళీ ఇరుకు, అవతల మళ్ళీ వెడల్పు, మొత్తం సరయ్యేసరికి ఒక తరం పడుతుంది. వెనక్కి జరపాల్సిందే అనుకుంటే "పక్క బిల్డింగులతో సమంగా" అనో "ఈ రెండు బ్లాకుల్లోనే" అనో అడగండి, గోడ ఇంతకంటే వెనక్కి పోకూడదు అని గరిష్ఠం కూడా పెట్టించండి, లేకపోతే ఎవడో ఒకడు నలభై అడుగులు వెనక్కిపోయి ముందు గడ్డి పెంచుతాడు.

అసలు జాగా బిల్డింగువాడి దగ్గరే తీసుకోవాలా? అటువైపు రోడ్డు కూడా ఉంది కదా, దాన్ని ఎవరూ కొలవరు! 66 అడుగుల వీధి అనుకుందాం, పాత అమెరికన్ ఊళ్ళలో ఇది బాగా కనపడే వెడల్పు, సర్వేయర్ల గొలుసు పొడవు అంతే మరి. రెండు వైపులా పదేసి అడుగుల ఫుట్‌పాత్, ఎనిమిదేసి అడుగుల పార్కింగ్, మధ్యలో పదిహేనేసి అడుగుల రెండు లేన్లు. లేన్లని 11కి తగ్గిస్తే ఫుట్‌పాత్ ఒక్కోవైపు 14 అవుతుంది, ఎవరి సొంత భూమీ ముట్టుకోలేదు. ఇక్కడ ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు లేస్తారు, లేవాలి కూడా. ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ ప్రకారం బండి వెళ్ళడానికి 20 అడుగులు ఖాళీ ఉండాలి, మనకి 22 ఉంది, ఓకే. కానీ ఎత్తు బిల్డింగుల దగ్గర నిచ్చెన బండికి 26 కావాలనే అనుబంధాన్ని మీ ఊరు తీసుకుని ఉంటే లేన్లు పదమూడేసి, ఫుట్‌పాత్‌లు పన్నెండేసి వస్తాయి, అదీ బానే ఉంది. ఖర్చు మాత్రం దాచకండి, కర్బ్ జరిపితే వర్షం నీళ్ళ కాలవలు, స్తంభాలు అన్నీ జరపాలి, కాబట్టి ఎలాగూ పైపులు మార్చడానికి తవ్వే ఏడాది చూసుకుని అడగడం తెలివి.

ఓనర్ల వైపు వాదన కూడా వట్టిది కాదు. 50 అడుగుల ముఖం, 100 అడుగుల లోతు ఉన్న స్థలంలో ఐదడుగులు వదిలితే ఒక్కో అంతస్తుకి 250 చదరపు అడుగులు పోతుంది, ఆరంతస్తులైతే 1500, అది ఊరికే ఇచ్చేయమంటే ఎవడు ఒప్పుకుంటాడు. దీనికి పాత ఉపాయం ఒకటుంది, కింద అంతస్తు మాత్రమే వెనక్కి, పైవి స్తంభాల మీద ముందుకి. ఇటలీలో బొలోన్యా ఊరు 1288లోనే కొత్త ఇళ్ళకి ముందు నడవడానికి వరండా ఉండాల్సిందేనని రూల్ పెట్టింది, ఇప్పటికీ జనం వానలో గొడుగు లేకుండా దాని కిందే తిరుగుతున్నారు. అయితే స్తంభాలు ఫుట్‌పాత్ మధ్యలోకి రాకుండా చూసుకోవాలి.

లా సంగతి రెండు ముక్కల్లో. సెట్‌బ్యాక్ పెట్టే అధికారం సిటీకి ఉందని అమెరికా సుప్రీంకోర్టు 1927లోనే గోరీబ్ వర్సెస్ ఫాక్స్ కేసులో చెప్పేసింది. కానీ నీ స్థలం ఖాళీగా ఉంచు అనడం వేరు, ఆ స్థలంలో జనం నడిచే హక్కు రాసివ్వు అనడం వేరు. పర్మిట్ ఇవ్వడానికి రెండోది అడిగితే ఆ కట్టడం వల్ల పడే భారానికి అది సరితూగాలి అని 1994లో డోలన్ వర్సెస్ టైగార్డ్‌లో తేల్చారు. మీరు కోరేది ఏదో తెలుసుకుని ఆ మాటే వాడండి.

బిల్డింగు ముందు జనం కోసం ప్లాజా (ఖాళీ ఆవరణ) ఇస్తాం, ఎక్కువ అంతస్తులు ఇవ్వండి అని కట్టేవాళ్ళు బేరానికి వస్తే కాస్త జాగ్రత్త. న్యూయార్క్ 1961లో అలాగే ఇచ్చింది, బాగా దట్టమైన చోట్ల ఒక చదరపు అడుగు ప్లాజాకి అదనంగా పది చదరపు అడుగుల ఫ్లోర్ కట్టుకోనిచ్చేదాకా. కూర్చోడానికి చోటు లేని, గాలి హోరుమనే ఖాళీ గచ్చులు చాలా వచ్చాయి, 1970ల్లో రూల్స్ బిగించి కూర్చునే చోటు ఇంత ఉండాలని రాయాల్సొచ్చింది.

హియరింగ్ రోజున రెండు మూడు నిమిషాలే ఇస్తారు, కాబట్టి వీధి అందం మీద ఆవు వ్యాసం వద్దు. ఒక వీధి పేరు, ఒక ఫోటో, మీరు కొలిచిన అంకె, మార్చాల్సిన వాక్యం, అంతే. అన్నట్టు ముందు అది రూల్ మార్చే హియరింగా లేక ఒక్క బిల్డింగుకి మినహాయింపు హియరింగా చూసుకోండి, రెండోదైతే బోర్డు చూసేది ఆ స్థలానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఉందా లేదా అనే, అక్కడ ఊరి పాలసీ గురించి ఎంత చెప్పినా గోడకి చెప్పినట్టే. ఎదుటివాళ్ళ పార్కింగ్ గొడవలోకి దిగకండి, మీ నిమిషాలు దానికే పోతాయి. మాట్లాడేది పోయినా కాగితం రికార్డులో ఉంటుంది, అందుకని ముందురోజే రాసి పంపండి, "ఇక్కడున్న ఈ వాక్యం తీసేసి ఈ వాక్యం పెట్టండి" అని పేజీ నంబరుతో సహా, స్టాఫ్‌కి నచ్చితే అదే ఎత్తి డ్రాఫ్ట్‌లో వేసేస్తారు. తర్వాతి డ్రాఫ్ట్ రాగానే మళ్ళీ డెఫినిషన్ల పేజీకే వెళ్ళండి, నాకు ఒకసారి "కర్బ్ నుంచి" అని ఒప్పుకున్నది రెండో డ్రాఫ్ట్‌లో మళ్ళీ "ప్రాపర్టీ లైన్ నుంచి" అయిపోయింది, ఎవరూ కావాలని చేసుండరు, పాత ఫైల్లోంచి కాపీ కొట్టారు అంతే.