తక్కువ ఖర్చుతో మాక్రో ఫోటోలు: లోపం ఎక్కడుంది, ఎలా సరిచేయాలి

కోనసీమలో మాక్రో ఫోటోలు, అంటే చిన్న వస్తువులను బాగా దగ్గరగా, పెద్దవిగా చూపే ఫోటోలు తీయాలనుకునేవారికి డబ్బుకు కొరత ఉండవచ్చు గాని వస్తువులకు లేదు. కాలువ గట్టు మీద గడ్డిపోచకు వేలాడే తూనీగ, వరి దుబ్బులో అక్షింతల పురుగు, మామిడి ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు, అన్నీ నడిచివెళ్లే దూరంలోనే ఉంటాయి. ఫోటో సరిగా రాకపోతే చాలామంది వెంటనే కొత్త లెన్సు ధరలు వెతుకుతారు. అంతకంటే ముందు ఒక పరీక్ష చేయండి.

కిటికీ పక్కన బల్ల మీద నరసాపురం లేసు ముక్కను ఏటవాలుగా పరవండి. లేసు లేకపోతే దినపత్రిక చాలు. కెమెరాను పుస్తకాల దొంతర మీద పెట్టి రెండు సెకన్ల టైమరుతో తీయండి. లేసులో ఒక్క వరుసలోనైనా దారం పోగులు లెక్కపెట్టగలిగేంత స్పష్టత వస్తే మీ పరికరంలో లోపం లేదు. బయట వస్తున్న తేడా గాలిది, చేతిది, వెలుతురుది. ఎక్కడా స్పష్టత రాకపోతే లోపం దూరంలోనో లెన్సులోనో ఉంది.

ఫోటోలో ఎక్కడా స్పష్టత లేదు

ఫోనుతో తీసేవారికి ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. మరీ దగ్గరకు వెళ్లడమే కారణం. చాలా ఫోన్లలో ప్రధాన కెమెరా సుమారు పది సెంటీమీటర్లకన్నా దగ్గరి వస్తువును పట్టుకోలేదు. చవక ఫోన్లలో విడిగా ఇచ్చే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరాను నమ్ముకోకండి. ప్రధాన కెమెరాతో కాస్త దూరం నుంచి తీసి, తర్వాత అంచులు కత్తిరించుకుంటే అంతకన్నా మంచి ఫోటో వస్తుంది.

కొన్ని వందల రూపాయలకు దొరికే క్లిప్ లెన్సు పెట్టినప్పుడు సమస్య మారుతుంది. అది రెండు మూడు సెంటీమీటర్ల దగ్గర, ఒక ఇరుకైన పరిధిలో మాత్రమే పనిచేస్తుంది. ఆటోఫోకస్ కోసం ఎదురుచూడకుండా ఫోనునే మెల్లగా ముందుకూ వెనక్కూ కదుపుతూ, స్పష్టత వచ్చిన క్షణంలో నొక్కండి. అయినా రాకపోతే క్లిప్ తప్పు కెమెరా మీద కూర్చుందేమో చూడండి. దగ్గరకు వెళ్లగానే కొన్ని ఫోన్లు తమంతట తామే వేరే కెమెరాకు మారిపోతాయి. ఒక్కో కెమెరాను వేలితో మూసి చూస్తే ఏది పనిచేస్తోందో తెలిసిపోతుంది.

కన్ను స్పష్టం, రెక్కలు మసక

ఇది లోపం కాదు, మాక్రో స్వభావం. ఏపీఎస్-సీ సెన్సర్ (బొమ్మను పట్టే పలక, లెన్సు మార్చుకోగల చాలా కెమెరాల్లో ఉండే సైజు) ఉన్న కెమెరాలో వస్తువును 1:1 పరిమాణంలో, అంటే సెన్సర్ మీద బొమ్మ వస్తువంతే పడేలా, ఎపర్చర్ (లెన్సులో కాంతి వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ ఇరుకవుతుంది) ఎఫ్8 దగ్గర పెట్టి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. బియ్యపు గింజ మందంలో సగం కూడా కాదు.

ఎపర్చర్‌ను ఎఫ్22కు మూసేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. సరిపోదు. 1:1 దగ్గర ఎఫ్11 అంటే వాస్తవంలో ఎఫ్22తో సమానం. అంతకు మించి మూస్తే వివర్తనం (ఇరుకు రంధ్రం దాటేటప్పుడు కాంతి చెదరడం) వల్ల ఫోటో మొత్తం మెత్తబడుతుంది. ఎఫ్8, ఎఫ్11 మధ్య ఆగి, కెమెరా కోణం మార్చండి. తూనీగ రెక్కకు సెన్సర్ సమాంతరంగా ఉండేలా పక్కకు జరిగితే అదే అర మిల్లీమీటరులో రెక్క మొత్తం పడుతుంది. ఈ ఒక్క అలవాటు నా ఫోటోలను ఏ పరికరమూ మార్చనంతగా మార్చింది. పుట్టగొడుగు, పువ్వు వంటి కదలని వస్తువులైతే ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ పది ఫోటోలు తీసి, హ్యూజిన్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కలపవచ్చు.

రివర్స్ రింగ్ పెట్టాక ఎపర్చర్ మారడం లేదు

ఇంట్లో ఉన్న 50 మిల్లీమీటర్ల లెన్సునో, కెమెరాతో వచ్చిన 18-55నో తిరగేసి బిగించే రివర్స్ రింగ్ కన్నా చవకైన దారి డీఎస్ఎల్ఆర్‌కు లేదు. అయితే లెన్సు తిరగేసిన తర్వాత కెమెరాతో దాని సంబంధం తెగిపోతుంది. కెనాన్ ఈఎఫ్ లెన్సుల్లో ఎపర్చర్ విద్యుత్తుతో కదులుతుంది కాబట్టి అది పూర్తిగా తెరుచుకునే ఉండిపోతుంది. ముందు లెన్సును మామూలుగా బిగించి ఎఫ్8 పెట్టండి. డెప్త్ ప్రివ్యూ బటన్ (ఎపర్చర్ మనం పెట్టిన అంకెకు మూసుకునేలా చేసేది) నొక్కి పట్టుకుని, వదలకుండా లెన్సు విప్పండి. ఎపర్చర్ ఎఫ్8 దగ్గరే నిలిచిపోతుంది. ఇది ఇంట్లో, మంచం మీద చేయవలసిన పని. కాలువ గట్టు మీద వద్దు.

నికాన్ జీ రకం లెన్సుల్లో (మీద ఎపర్చర్ రింగు లేనివి) దీనికి పూర్తిగా వ్యతిరేకం. విప్పగానే ఎపర్చర్ మూసుకుపోయి వ్యూఫైండర్ చీకటవుతుంది. లెన్సు వెనక ఉన్న చిన్న మీటను కాస్త జరిపి, కాగితం మడతతో ఆపాలి. మీద ఎపర్చర్ రింగు ఉన్న పాత లెన్సు దొరికితే ఈ బాధలేవీ ఉండవు. 18-55 వాడేవారు 55 దగ్గర మొదలుపెట్టండి. తిరగేసినప్పుడు 18 దగ్గర వస్తువు చాలా పెద్దదిగా కనిపిస్తుంది, దాన్ని పట్టుకోవడం కొత్తవారికి కష్టం.

ఎక్స్‌టెన్షన్ ట్యూబు (లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే బోలు గొట్టం) లెక్క సులువు: 50 లెన్సుకు 25 మిల్లీమీటర్ల ట్యూబు కలిపితే అదనంగా 1:1లో సగం పరిమాణం వస్తుంది. కెమెరాతో లెన్సును కలిపే విద్యుత్ కాంటాక్టులు లేని చవక ట్యూబులో ఎపర్చర్ చిక్కు పైన చెప్పినదే.

అంతా కదిలినట్టు వస్తోంది

పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి పెరుగుతుంది, కొబ్బరాకు ఊగడం మొదలయ్యాక మాక్రో కష్టం. సూర్యోదయం తర్వాత గంటన్నరలో పని ముగించండి. పుల్లకు బట్టల క్లిప్పు కట్టి నేలలో గుచ్చి, గడ్డిపోచ కాడను దానితో పట్టించండి. ఊక నింపిన గుడ్డసంచి మీద కెమెరా ఆనిస్తే ట్రైపాడ్ అవసరం చాలావరకు తీరుతుంది. వెలుతురు చాలనప్పుడు ఫ్లాష్‌నే ప్రధాన కాంతిగా వాడండి. తక్కువ శక్తితో వెలిగించిన ఫ్లాష్ మెరుపు సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ సేపే ఉంటుంది, కదలికను ఆపేస్తుంది.

పురుగు వీపు మీద తెల్లని మచ్చలు

కొబ్బరి చెట్లను తొలిచే కొమ్ము పురుగును ఫ్లాష్‌తో తీసి చూడండి. నల్లని నిగనిగలాడే వీపు మీద ఫ్లాష్ అద్దంలోలా కనిపిస్తుంది. కాంతి వచ్చే చోటు చిన్నదిగా ఉండటమే కారణం. ఫ్లాష్‌కూ పురుగుకూ మధ్య, పురుగుకు వీలైనంత దగ్గరగా, బటర్ పేపరో పలచని తెల్ల థర్మాకోల్ పళ్లెమో పెట్టండి. ఆరుద్ర పురుగుది వేరే చిక్కు. జూన్ చివర ఆరుద్ర కార్తె వానలకు బయటికొచ్చే ఆ మఖమలు ఎరుపు ఫోటోలో వివరం లేని ముద్దగా మారుతుంది. ఎరుపు సెన్సర్ పట్టగలిగే పరిమితి దాటిపోతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాపు, అంటే కాంతి సగమయ్యేలా, తగ్గించండి.

దగ్గరకు వెళ్లేసరికి ఎగిరిపోతోంది

మీ నీడ దాని మీద పడుతోంది. ఎండకు ఎదురుగా, వంగి, నెమ్మదిగా వెళ్లండి. చలికాలపు ఉదయం మంచుబొట్లతో తడిసిన తూనీగ ఒళ్లు వెచ్చబడేదాకా ఎగరలేదు. పురుగును ఫ్రిజ్‌లో పెట్టి మందగింపజేయమనే సలహా వినిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఒక ఫోటో కోసం ప్రాణిని బాధపెట్టే హక్కు మనకు లేదు. మందు కొట్టిన చేలోకి వెళ్లకండి. గట్టు మీద మోకాళ్లు ఆన్చే ముందు కర్రతో గడ్డి కదపండి, పాములుంటాయి.

లెన్సు మీద ఆవిరి, లోపల బూజు

ఏసీ గదిలోంచి తెల్లవారి తేమలోకి తేగానే గాజు మసకబారుతుంది. కెమెరాను బిగుతైన ప్లాస్టిక్ సంచిలో ఉంచి, అరగంట బయట పెట్టాక తీయండి. బూజు మాత్రం అంత తేలిక కాదు. మన తేమలో నెలల తరబడి సంచిలో మగ్గిన లెన్సుకు అది పట్టడం ఖాయమనుకోండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో దాచండి, జెల్ రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టండి. పాత లెన్సు కొనేటప్పుడు వెనక నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే, ధర ఎంత తక్కువైనా వదిలేయండి. దాన్ని శుభ్రం చేయించే ఖర్చుతో ఇంకో లెన్సు వస్తుంది.