విశాఖ డాబా మీద చామంతి: మార్గశిరానికి పూయాలంటే

ఇంటర్నెట్‌లో ఆరిక్యులా ఫొటోలు చూసి విత్తనాలు తెప్పించుకోవాలనుకుంటే కాస్త ఆగండి. అది ఆల్ప్స్ కొండల మొక్క. చలి ఉండాలి, ఆకుల మీది తెల్లటి పొడికి వాన తగలకూడదు. మన మే నెల ఉక్కకు అది నిలవదు. అదే ఓపిక చామంతి మీద పెడితే మార్గశిర గురువారాల్లో కనకమహాలక్ష్మి అమ్మవారికి ఇంటి పూలే పట్టుకెళ్లొచ్చు.

పని జూన్ ఆఖరున మొదలవుతుంది. తల్లిమొక్క నుంచి పువ్వు, మొగ్గ లేని లేత కొమ్మ చివర 7, 8 సెంటీమీటర్లు కోయండి. కింది ఆకులు తీసేసి, ఇసుక, కొబ్బరి పొట్టు సగం సగం కలిపిన చిన్న కుండీలో గుచ్చి నీడన ఉంచండి. రెండు మూడు వారాల్లో వేళ్లు వస్తాయి. మొదలు దగ్గర వేళ్లతో సహా వచ్చే పిలకలను విడదీసి నాటితే ఇంకా సులువు. కటింగ్ నల్లబడి మెత్తబడితే నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం. అది పారేసి, కొత్త ఇసుకలో మళ్లీ పెట్టండి.

వేళ్లు వచ్చాక 4 అంగుళాల కుండీలోకి, అది నిండాక 8 లేదా 10 అంగుళాల కుండీలోకి మార్చాలి. చిన్న మొక్కను ఒకేసారి పెద్ద కుండీలో పెడితే వేళ్లు తాగలేనంత తడి మట్టిలో మిగిలిపోయి కుళ్లు పడుతుంది. మట్టికి కొలత: ఎర్రమట్టి రెండు పాళ్లు, ఏటి ఇసుక ఒకటి, కొబ్బరి పొట్టు ఒకటి, వర్మీకంపోస్టు లేదా బాగా మాగిన పశువుల ఎరువు ఒకటి, పైన గుప్పెడు వేపపిండి. ఊరికే దొరుకుతుంది కదా అని బీచ్ ఇసుక మాత్రం కలపొద్దు, అందులో ఉప్పు ఉంటుంది. కొబ్బరి పొట్టునూ రెండు మూడుసార్లు నీళ్లు మార్చి కడిగాకే వాడండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లలో కొన్నాళ్లకు మట్టి మీద తెల్లటి పొర కట్టి, ఆకుల అంచులు మాడతాయి. అప్పుడు కుండీ కింద నుంచి కారిపోయేదాకా మంచినీళ్లు రెండు మూడుసార్లు పోసి ఆ ఉప్పు దించాలి.

మొక్క గుబురుగా రావాలంటే చిగురు తుంచాలి. ఆరేడు ఆకులు రాగానే కొసను గోటితో తీసేయండి. పక్క కొమ్మలు జానెడు పొడవు కాకముందే వాటి కొసలూ తుంచండి. చాలామందికి చేయి రాదు, జాలి పడతారు. ఆ జాలితోనే మొక్క ఒంటి కాడతో సాగి, నాలుగు పూలు పూసి పడిపోతుంది. ఆగస్టు ఆఖరు తర్వాత మాత్రం తుంచొద్దు, పూత ఆలస్యమవుతుంది.

ఆ తర్వాత అంతా చీకటి పని. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే చామంతి మొగ్గ కడుతుంది. మనకు జూన్‌లో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో 11. సెప్టెంబరు నుంచి కుండీ మీద వీధి దీపం, బాల్కనీ బల్బు రాత్రంతా పడుతుంటే, ఎరువు ఎంత వేసినా ఆకులే వస్తాయి. పూయని చామంతికి మందు వెతికే ముందు రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కి, దాని మీద ఏ వెలుతురు పడుతోందో చూడండి. పగలు మాత్రం అయిదారు గంటల ఎండ తగలాలి.

మొగ్గ కట్టేదాకా 19-19-19 ఎరువు (అంకెలు నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) లీటరు నీటికి 2 గ్రాములు, రెండు వారాలకోసారి చాలు. మొగ్గలు కనిపించాక 13-0-45 అదే మోతాదులో. రంగు తొంగి చూడగానే ఆపేయండి. పెద్ద పువ్వు కావాలంటే కొమ్మకు నడిమి మొగ్గ ఒక్కటే ఉంచి మిగతావి గిల్లేయాలి. మాలలకైతే అన్నీ వదిలేయండి.

నీళ్లు మొక్క మొదలు దగ్గరే పోయాలి, ఆకుల మీద కాదు. వానాకాలం తడికి కింది ఆకుల మీద నల్ల మచ్చలు మొదలై పైకి పాకుతాయి. ఆ ఆకులు తీసేసి, కుండీల మధ్య గాలి ఆడేలా ఎడం ఇచ్చి, తగ్గకపోతే మాంకోజెబ్ అనే తెగుళ్ల మందు లీటరు నీటికి 2 గ్రాములు కలిపి ముక్కుకు గుడ్డ కట్టుకుని పిచికారీ చేయండి. కొసల్లో నల్లటి పేనుబంక పడితే వేపనూనె 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బు ద్రవం లీటరు నీటిలో కలిపి సాయంత్రం కొట్టాలి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

మట్టి తడిగా ఉండగానే మొక్క వాలిపోతే మళ్లీ నీళ్లు పోయకండి, అది వేరు కుళ్లు. మొక్క దాదాపు దక్కదు. పైన పచ్చగా ఉన్న కొసలు కటింగులుగా కోసుకుని, ఆ మట్టిని మళ్లీ వాడకండి.

అక్టోబరు తుపాన్ల నెల. 2014లో హుద్‌హుద్ వచ్చింది కూడా 12వ తేదీనే. హెచ్చరిక రాగానే కుండీలను పిట్టగోడ మీంచి దించి, వీలైతే మెట్ల కిందికి చేర్చండి. గాలి తగ్గాక సముద్రానికి దగ్గరున్న లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ వైపు ఇళ్లవాళ్లు ఆకుల మీది ఉప్పును మంచినీళ్లతో కడగాలి. నీళ్లు ఆకుల మీద పోయాల్సిన సందర్భం అదొక్కటే.

పూలయ్యాక కాడలను మట్టికి జానెడు ఎత్తులో కోసేయండి. ఏప్రిల్, మే నెలల్లో తల్లిమొక్కకు పొద్దుటి ఎండ మాత్రమే తగిలేలా తూర్పు బాల్కనీలో పెట్టి, మట్టి పైపొర ఆరినప్పుడే నీళ్లివ్వండి. జూన్‌కి పిలకలు సిద్ధంగా ఉంటాయి.